అడ్వాన్స్‌డ్ కార్డుకు తొందరేముంది?

సీతమ్మధార,
విశాఖపట్నం

ప్రియమైన పాఠకులకు,

రుషికొండ సముద్రంలో డైవింగ్ గురించి రాసినప్పటి నుంచి మీలో చాలామంది అడుగుతున్నది ఒకటే. ‘ఓపెన్ వాటర్ కోర్సు అయిపోయిందండీ. అడ్వాన్స్‌డ్ కూడా వెంటనే చేసేయమంటున్నారు, చేసేయమంటారా?’ అని. కార్డు కోసమైతే వద్దంటాను. పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉండగా ఇంకో ఐదు డైవ్‌లు దొరుకుతాయన్న ఆశతో అయితే ఆలోచించవచ్చు.

ముందు ‘అడ్వాన్స్‌డ్’ అన్న పేరు సంగతి చూద్దాం. డైవింగ్ శిక్షణ సంస్థ పాడీ వాళ్ల ఓపెన్ వాటర్‌లో సముద్రపు డైవ్‌లు నాలుగు. దాంతో 18 మీటర్ల వరకు దిగవచ్చు. మర్నాడే అడ్వాన్స్‌డ్‌లో చేరినా వద్దనే రూలు లేదు, మధ్యలో ఇన్ని డైవ్‌లు చేసి ఉండాలన్న లెక్కా లేదు. అందులో ఐదు డైవ్‌లు. లోతు డైవ్, దిక్సూచి డైవ్ తప్పనిసరి, మిగతా మూడూ మన ఇష్టం. అవి పూర్తయితే 30 మీటర్లకు అర్హత వస్తుంది. అదే మరో శిక్షణ సంస్థ ఎస్‌ఎస్‌ఐ వాళ్ల అడ్వాన్స్‌డ్ ఓపెన్ వాటర్ కార్డు కావాలంటే నాలుగు స్పెషాలిటీ కోర్సులు, 24 డైవ్‌లు పూర్తి చేయాలి. అంటే తొమ్మిది డైవ్‌లతో ఒకరు, 24 డైవ్‌లతో ఇంకొకరు ఇంచుమించు ఒకే పేరున్న కార్డు జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. డ్రైవింగ్ లైసెన్సు వచ్చిన మర్నాడే అరకు ఘాట్ ఎక్కేవాళ్లూ ఉంటారనుకోండి.

అసలు విషయం గాలి దగ్గరుంది. మనవాళ్లు ఆక్సిజన్ సిలిండర్ అనేస్తారు గానీ, మామూలు డైవ్‌లో వీపున ఉండేది మనం పీల్చే గాలే, గట్టిగా కుక్కి నింపింది. 11 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ నింపితే సుమారు 2,200 లీటర్లు. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి ఒడ్డున అది 110 నిమిషాలు వస్తుంది. ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది కాబట్టి 30 మీటర్ల దగ్గర నాలుగింతలు ఖర్చు. అక్కడ అదే సిలిండర్ 27 నిమిషాలే. పైకి వచ్చేసరికి 50 బార్ మిగిలి ఉండాలి కాబట్టి అదీ పూర్తిగా మనది కాదు. కొత్తవాళ్లు కంగారులో 30 లీటర్లు పీల్చేయడం మామూలే. గాలి సరిపోయినా ఒంట్లో చేరే నైట్రోజన్ ఊరుకోదు. పాడీ పట్టిక ప్రకారం మొదటి డైవ్‌లో 18 మీటర్ల దగ్గర 56 నిమిషాలు ఉండవచ్చు, 30 మీటర్ల దగ్గర 20 మాత్రమే. పైగా ఆ లోతులో కొందరికి తల తేలిగ్గా తిరిగినట్టు, మందు వేసినట్టు ఉంటుంది. గేజ్ చూస్తారు, అంకె బుర్రకెక్కదు.

కాబట్టి ఎన్ని డైవ్‌లయ్యాయని కాదు, నీళ్లలో మీరెలా ఉంటున్నారో చూసుకోండి. పైకొచ్చేటప్పుడు ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగుతాం కదా, అప్పుడు తాడు పట్టుకోకుండా ఆగగలుగుతున్నారా? ఊపిరి తీసుకుంటే అంగుళం పైకి, వదిలితే అంగుళం కిందకి, అంతే కదలాలి. చేతులతో ఈత కొడుతున్నారంటే ఇంకా సమయం ఉంది. అడుగున వెళ్తున్నప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. మీ ఫిన్స్ వెనకాల ఇసుక లేస్తోందా? గేజ్ చూడకముందే ఎంత గాలి మిగిలిందో ఇంచుమించుగా చెప్పగలుగుతున్నారా? ఇవి కుదిరాక మనసుకు కాస్త ఖాళీ దొరుకుతుంది. అడ్వాన్స్‌డ్‌లో నేర్పేది ఆ ఖాళీలోనే పడుతుంది.

వైజాగ్ వాళ్లకు ఇంకో మాట. వానాకాలం తర్వాత నదులు తెచ్చే ఒండ్రుతో మన బంగాళాఖాతం నీళ్లు మడ్డిగా ఉంటాయి. ఒక్కోరోజు తోడు వచ్చే బడ్డీ ఫిన్స్ దాటి ఏమీ కనబడదు. అందుకే ఈ కోర్సులో డబ్బుకు తగిన డైవ్ ఏదంటే దిక్సూచి డైవేనని నా అభిప్రాయం. తర్వాతిది నీళ్లలో నిలకడగా ఉండటం నేర్పే బోయెన్సీ డైవ్. విజయనగరం జిల్లా చింతపల్లి దగ్గర మునిగిన పాత ఓడ మీద మనసు పడినవాళ్లు రెక్ డైవ్ ఎంచుకోండి. అయితే ఆ ఒక్క డైవ్‌తో ఓడ లోపలికి దూరే అర్హత రాదు. పాత ఓడలకు తెగిన వలలు చుట్టుకుని ఉండే అవకాశమూ ఉంది.

లోతంటే మన ఊళ్లో కాస్త మోజెక్కువ. హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన డైవింగ్ సహాయక నౌక ఐఎన్ఎస్ నిస్తార్ 2025 జూలైలో ఇక్కడే నౌకాదళంలో చేరింది, దాని డైవర్లు 300 మీటర్ల వరకు దిగగలరు. వాళ్ల పద్ధతి వేరు, సరంజామా వేరు, శిక్షణ ఏళ్ల తరబడి. మన 30 మీటర్లకు ఆ గొప్ప అంటించుకోవద్దు.

మీ పిల్లల సంగతి కూడా అడిగారు. పాడీలో పదేళ్లకే జూనియర్ ఓపెన్ వాటర్, పన్నెండేళ్లకు జూనియర్ అడ్వాన్స్‌డ్ చేయవచ్చు. అది చేసినా పదిహేను నిండేదాకా 21 మీటర్లే హద్దు.

ఇక ఏడాదికోసారి అండమాన్ వెళ్లి మాత్రమే డైవ్ చేసేవాళ్లు. వీళ్ల విషయంలో నా పట్టు కాస్త సడలిస్తాను. హావ్‌లాక్ దగ్గర జానీస్ గోర్జ్, డిక్సన్స్ పినకిల్ లాంటి లోతైన చోట్లు చూడాలనుంటే అడ్వాన్స్‌డ్ చేయడం సబబే. కానీ దిగిన రోజే మొదలెట్టకండి. చాలాకాలం నీళ్లకు దూరంగా ఉంటే ముందు రిఫ్రెషర్, ఆ తర్వాత రెండు మూడు మామూలు డైవ్‌లు, అప్పుడు కోర్సు. డబ్బు కట్టేముందు ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు ఎంతమందిని ఇస్తారో, లోతు డైవ్ ఎన్నోదిగా పెడతారో అడగండి. మొదటిదే అదంటే ఇంకో చోట చూసుకోండి. తిరుగు విమానానికీ ఆఖరి డైవ్‌కీ మధ్య కనీసం 18 గంటలుండాలి. టికెట్లు బుక్ చేసేటప్పుడే అది చూసుకుంటే ఆఖరి రోజు డైవ్ బదులు బీచ్‌లో కూర్చోవచ్చు.

ఉంటాను,
మీ సీతమ్మధార నేస్తం