ఆటల గంట

ఉపాధ్యాయుడు జీవితమంతయు శిష్యుల తప్పులను దిద్దుచుండును. అతని తప్పులను దిద్దువారు అరుదు. నేను ముప్పదియైదేండ్లు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి పొందితిని. అందు కడపటి పదేండ్లు ప్రధానోపాధ్యాయుడను. ఆ కాలమున నేను చేసిన తప్పులలో రెండు పిల్లల కన్నులకు సంబంధించినవి. ఒకదానిని వెంటనే తెలిసికొంటిని. రెండవది తెలియుటకు నాకు ముసలితనము రావలసివచ్చెను.

మొదటిది చెప్పెదను. నేను క్రొత్తగా తెలుగు పండితుడనైన దినములవి. ఎనిమిదవ తరగతిలో ఒక బాలుడు నల్లబల్లమీది పాఠమును చూచి వ్రాయునపుడు ‘ష’కు మారుగా ‘ప’ను, ‘ధ’కు మారుగా ‘ద’ను వ్రాయుచుండెను. నోట చెప్పించినచో ఒక్క తప్పును దొర్లదు. ఇది శ్రద్ధ లేకపోవుటయే యని తలచి, అతనిని పలుమారులు బెంచీ ఎక్కించితిని. ఒకనాడు ప్రక్కనున్న బాలుడు లేచి, “వాడికి దూరమునుండి అక్షరములు కనబడవండీ!” అని చెప్పెను. నేను సిగ్గుతో తల వంచుకొంటిని. అతని తండ్రితో మాటాడి పట్టణములోని కంటి వైద్యుని కడకు పంపితిని. కండ్లద్దములు పెట్టుకొని వచ్చిన దినమున ఆ బాలుడు గోడవంక చూచి, “మాస్టారూ, మన గడియారానికి మూడో ముల్లు కూడా ఉందా అండీ?” అని అడిగెను. ఆ మాట నేటికిని నా చెవిలో మ్రోగుచున్నది.

ఇక రెండవ తప్పు. నేను ప్రధానోపాధ్యాయుడనైన యేట పదవ తరగతి ఫలితములు తక్కువగా వచ్చెను. నేను తరగతుల పట్టికను ముందు పెట్టుకొని, దినమున కడపటిదైన ఆటల గంటను అన్ని తరగతులకును కొట్టివేసి, గణితమునకును ఆంగ్లమునకును పంచితిని. వ్యాయామోపాధ్యాయుడు, “పిల్లలకు కొంచెం గాలి, వెలుతురు తగలనీయండి సార్” అని బ్రతిమాలెను. నేను వినలేదు. మరుసటి యేడు ఫలితములు పెరిగెను. తల్లిదండ్రులు సంతసించిరి. సభ చేసి నాకు శాలువ కప్పిరి. బంతులు మాత్రము బీరువాలో ఉండెను. దాని తాళపుచెవి నా జేబులో ఉండెను.

విశ్రాంతి పొందిన పిమ్మట నేను హైదరాబాదులో మా అమ్మాయి యింటికి చేరితిని. నా మనుమరాలికి తొమ్మిదేండ్లు. ఒక్క సంవత్సరములో ఆమె కండ్లద్దముల నంబరు రెండుమారులు పెరిగెను. వైద్యురాలు పరీక్షించి, రాత్రి పండుకొనుటకు ముందు కంటిలో వేయుటకు ఒక చుక్కల మందును వ్రాసియిచ్చి, “దీనితోపాటు రోజూ పగటిపూట ఆరుబయట తిప్పండి మాస్టారూ” అని చెప్పెను. మందు సరియే, ఆరుబయట తిరుగుట యెందులకు? ఆమె వలన విన్నదియు, పిమ్మట నేను చదివి తెలిసికొన్నదియు ఇచట వ్రాయుచున్నాను.

దూరపు వస్తువు మసకగా కనబడుటను హ్రస్వదృష్టి యందురు. ఎదిగిన మానవుని కనుగ్రుడ్డు ముందునుండి వెనుకకు సుమారు 24 మిల్లీమీటర్ల పొడవుండును. హ్రస్వదృష్టి గలవారిలో అది సాధారణముగా కావలసినదానికంటె పొడవుగా పెరుగును. అందుచే ప్రతిబింబము కంటి వెనుకనున్న రెటీనాపై పడక దాని ముందే యేర్పడును. కండ్లద్దములు ప్రతిబింబమును సరియైన చోటికి జరుపును గాని, కన్ను పొడవగుటను మామూలు అద్దములు ఆపజాలవు. మిక్కిలి సాగిన కంటిలో రెటీనా పలుచబడి, చినుగుటయు, ఊడివచ్చుటయు సంభవింపవచ్చును. కావున నంబరు పెరుగుట అద్దములు మార్చుకొన్నంతమాత్రమున తీరిపోవు చిక్కు కాదు. 2016లో ప్రకటింపబడిన ఒక అంచనా ప్రకారము 2050 నాటికి లోకములో ఇంచుమించు సగముమందికి హ్రస్వదృష్టి కలుగగలదు.

మా మనుమరాలి మందు పేరు అట్రోపిన్. ఇది మన పొలముగట్లపై పెరుగు ఉమ్మెత్తలోను, ఐరోపాలోని బెల్లడోనా మొక్కలోను ఉన్న విషము. ఇటాలియను భాషలో బెల్లడోనా యనగా అందగత్తె. పూర్వము అచటి స్త్రీలు కనుపాపలు పెద్దవై అందము కలుగుటకు దాని రసమును కంట వేసికొనెడివారట! ఉమ్మెత్తను మీరెన్నడును నోటగాని కంటగాని పెట్టరాదు. విషము కొలతకు లోబడి వైద్యుని చేతిలో నున్నపుడే మందగును.

ఆ కొలతను కనుగొనుటకు చాలకాలము పట్టెను. సింగపూరులో 400 మంది పిల్లలను రెండేండ్లు పరీక్షించి 2006లో ఫలితములు ప్రకటించిరి. నూటికొకపాలు అట్రోపిన్ గల చుక్కలు వేసిన కంటికి సగటున 0.28 నంబరు పెరుగగా, మందులేని చుక్కలు వేసిన కంటికి 1.20 పెరిగెను. కాని మందు వేసిన కన్ను ఎండకు ఓర్వలేదు. దగ్గరి అక్షరములు మసకబారెను. మందు మానినంతనే నంబరు వేగముగా పెరిగెను. అందుచే పలుచని మందులను పరీక్షించిరి. హాంగ్‌కాంగులో 0.01, 0.025, 0.05 శాతపు చుక్కలను పోల్చి, 0.05 శాతపు మందు ఎక్కువ పనిచేయునని 2019లో తెలిపిరి. అచటివారే ఇంకను హ్రస్వదృష్టి రాని 4 నుండి 9 ఏండ్ల పిల్లలపై జరిపిన పరీక్ష ఫలితము 2023లో వెలువడెను. రెండేండ్లలో, మందులేని చుక్కలు వేసినవారిలో నూటికి 53 మందికిని, 0.05 శాతపు మందు వేసినవారిలో నూటికి 28 మందికిని హ్రస్వదృష్టి వచ్చెను.

ఇక వెలుతురు మాట. చైనీయ వంశమునకు చెందిన ఆరేడేండ్ల పిల్లలను సింగపూరులోను, ఆస్ట్రేలియాలోని సిడ్నీలోను పరీక్షించి 2008లో ఒక వింతను ప్రకటించిరి. సింగపూరులో నూటికి 29 మందికి హ్రస్వదృష్టి యుండగా, సిడ్నీలో 3 గురికే యుండెను. సిడ్నీ పిల్లలు తక్కువ చదివిరా? లేదు, వారే ఎక్కువ పుస్తకములు చదివిరి. భేదమెచట ననగా, వారు వారమునకు సుమారు 14 గంటలు ఆరుబయట గడుపగా, సింగపూరు పిల్లలు 3 గంటలు మాత్రమే గడిపిరి.

తరగతి గదిలో వెలుతురు సాధారణముగా కొన్ని వందల లక్స్‌లు. ఆరుబయట పగటివేళ అది పదివేలను మించును. వెలుతురు సోకినపుడు రెటీనాలో డోపమిన్ అను పదార్థము ఎక్కువగా వెలువడి, కనుగ్రుడ్డు సాగుటను అదుపులో నుంచునని శాస్త్రజ్ఞుల భావము. కోడిపిల్లలపై జరిపిన పరీక్షలు దీనిని బలపరచుచున్నవి. మేలు చేయునది పరుగు కాదు, వెలుతురు. సూర్యుని వంక చూడనక్కరలేదు, చూడనేకూడదు. అన్ని వెలుతురులును మేలు చేయవు. ఎర్రని కాంతిని కంటిలోనికి పంపు యంత్రములు నంబరు పెరుగుటను నెమ్మదింపజేయునని 2022లో చైనాలో తేల్చిరి. మరుసటి యేడే వానిని వాడిన ఒక బాలిక రెటీనాకు హాని కలిగినట్లు వైద్యులు ప్రకటించిరి. చైనా ప్రభుత్వము అట్టి యంత్రములపై కట్టడి పెంచెను.

నన్ను కదలించిన పరీక్ష మరియొకటి. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున 12 ప్రాథమిక పాఠశాలలను తీసికొని, సగము పాఠశాలలలో దినమునకు 40 నిమిషములు పిల్లలను అదనముగా ఆరుబయట నుంచిరి. మూడేండ్ల పిమ్మట, మామూలుగా నడచిన బడులలో నూటికి 39.5 మందికి హ్రస్వదృష్టి రాగా, ఈ బడులలో 30.4 మందికే వచ్చెను. ఈ సంగతి 2015లో వెలువడెను.

నలుబది నిమిషములు! నేను కొట్టివేసిన ఆటల గంట నిడివి సరిగా అంతయే.

ఆ రాత్రి మనుమరాలి కంట చుక్క వేయుచు ఈ సంగతులు చెప్పితిని. ఆమె కన్నులు మూసికొనియే, “తాతయ్యా, మీ బళ్లో ఆటల గంట ఉండేదా?” అని అడిగెను. కొంతసేపు మాట రాలేదు. “ఉండేదమ్మా. నేనే తీసివేసితిని” అంటిని. ఆమె కన్నులు తెరచి, “మరి మళ్లీ పెట్టమని చెప్పలేదా?” అనెను.

మరునాడు నేను పనిచేసిన బడికి ప్రయాణమై పోయితిని. ఇప్పటి ప్రధానోపాధ్యాయుని ఎదుట నా తప్పును ఒప్పుకొని, అంకెలన్నియు కాగితముపై వ్రాసి చూపితిని. ఆయన కొంత ఆలోచించి, వారమునకు మూడు దినములు ఆటల గంటను తిరిగి పెట్టెను. తక్కినది మరల అడుగుదును. హ్రస్వదృష్టి వచ్చిన పిదప వెలుతురు చేయు మేలు తక్కువ. రాకముందు చేయు మేలే ఎక్కువ. కావున ఆలస్యము తగదు.

బాలబాలికలారా! నల్లబల్లమీది అక్షరము కనబడనిచో దాచక వెంటనే మీ ఉపాధ్యాయునితో చెప్పుడు. ఆటల గంట మ్రోగినపుడు తరగతిలో కూర్చుండక బయటికి పొండు. ఆడుట రానివారు చెట్టునీడను కూర్చుండినను చాలును. చదువు కొరకు కన్నులు కావలయును. ఆ కన్నుల కొరకు పగటి వెలుతురు కావలయును. నేను బీరువాలో పెట్టి తాళము వేసినది బంతులను మాత్రమే కాదని నాకు ఆలస్యముగా తెలిసెను.