గజేంద్రుని పూర్వజన్మ



గులియన్-బారే సిండ్రోమ్ అను వ్యాధి పేరు 2025 ఆరంభమున పూణే నుండి వార్తలలోనికి వచ్చినది. ఆ ఫిబ్రవరిలోనే గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఒక మహిళ దీనితో మరణించినది. నాటి నుండి మా పాలకుర్తి సోమేశ్వర లక్ష్మీనరసింహుల కొండకు వచ్చు భక్తులలో కొందరు, "అయ్యగారూ, ఇది ఏ జన్మల పాపం?" అని అడుగుచున్నారు.

వ్యాధి క్రొత్తది కాదు. గులియన్, బారే, స్ట్రోల్ అను ఫ్రెంచి వైద్యులు 1916లోనే దీనిని వర్ణించిరి. (మూడవ వైద్యుని పేరును లోకము మరచినది.) విరేచనములో, జలుబో వచ్చి తగ్గిన పిదప, క్రిములపై పోరాడుటకు పుట్టిన రక్షణశక్తి తన నరములనే శత్రువులని భ్రమించి వానిపై పొరను ధ్వంసము చేయును. రజ్జుసర్పభ్రాంతి దేహమునందే జరిగినట్లు! తరచు పాదములలో తిమ్మిరితో మొదలై బలహీనత పైకి ప్రాకును. కొందరికి ఊపిరియు అందదు. పక్షవాతమున ఒక పక్షము పడిపోవును, ఇందులో సాధారణముగా రెండు వైపులును. పసరు మందులకై తిరుగుట ప్రమాదకరము. ఇమ్యునోగ్లోబులిన్, ప్లాస్మా మార్పిడి చికిత్సలు తొలి రెండు వారములలోనే అధికముగా ఫలించును. అట్టి రోగిని కొండకు తెచ్చినచో తీర్థమిచ్చి తక్షణమే వరంగల్ ఎంజీఎంకు పంపుట అర్చకధర్మమని నా నిశ్చయము.

ఇక పాపము మాట. మా మండలములోని బమ్మెర గ్రామము పోతనామాత్యునిదని ప్రసిద్ధి. ఆయన భాగవతమున మకరము పట్టినది గజేంద్రుని పాదమునే. బలము క్షీణించినను ఎరుక క్షీణింపలేదు; ఆ ఎరుకతోనే పిలిచినాడు. ఆ గజేంద్రుడు పూర్వము అగస్త్యశాపము పొందిన ఇంద్రద్యుమ్న మహారాజు. కాని శుకమహర్షి ఆ కథను ఎప్పుడు చెప్పెను? విడిపించిన తరువాత. హరి ముందు వచ్చినాడు, శంఖచక్రములకైనను ఆగక వచ్చినాడు. పూర్వజన్మవృత్తాంతము పిదప వచ్చినది. కర్మసిద్ధాంతమును నేను పూర్ణముగా విశ్వసింతును. అయినను మకరము నోట పాదమున్న వేళ దానిని విప్పుటకు నాకు అధికారము లేదు.

ఈ రోగికి దేహము కదలకున్నను స్మృతి సాధారణముగా చెడదు. వెంటిలేటరుపై నున్నవాడు కన్ను తెరువలేకున్నను వినుచుండును. అందుచే ఆ గదిలో "ఇక లేవడు" అనరాదు. అది సత్యమును కాదు, అధికులు నెలల తరబడి కోలుకొని మరల నడచుచున్నారు. పేరు పెట్టి పిలువుడు. నేడు ఏ వారమో, ఇంట ఎవరెట్లున్నారో చెప్పుడు. నామజపము చెవికి దగ్గరగా, మెల్లగా చేయుడు. రోగి అలసినట్లు తోచిన ఆపుడు. పగలంతయు కూర్చున్న ఇల్లాలిని రాత్రికి పంపి ఆ పీటపై మీరు కూర్చుండుడు.