మూసలో పోసిన శబ్దం

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకుని, సంచీ బరువుకి భుజం లాగుతుంటే గన్‌ఫౌండ్రీ వైపు నడిచాను. సెయింట్ జోసెఫ్ కెథడ్రల్ జంట గోపురాలు బస్సులోంచి ఎన్నోసార్లు చూసినవే. లోపలికి అడుగుపెట్టడం మాత్రం ఇదే మొదలు.

1870లో పునాదిరాయి వేస్తే 1875 క్రిస్మస్‌కి ప్రార్థనలు మొదలయ్యాయి. గంటలు తర్వాతెప్పుడో ఇటలీ నుంచి వచ్చాయి. అయిదు గంటలు. నా ఆలోచన వాటి దగ్గరే చిక్కుకుంది. ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం కోసం ఫిరంగులు పోతపోయించిన చోటు కాబట్టే ఈ పేటకి గన్‌ఫౌండ్రీ అనే పేరు. (ఆయనే జనం నోట మూసారాం అయ్యాడు, మూసారాంబాగ్ ఆయన పేరే. పోతపనివాడికి మూస అనే అక్షరాలు భలే కుదిరాయి!) ఫిరంగికైనా గంటకైనా కావలసింది అదే రాగి, అదే తగరం, అదే కొలిమి. ఒకటి గుండెలదరగొడుతుంది, ఒకటి పిలుస్తుంది. తోపుల కొలిమి చల్లారిన పేటలో గంటలు వేలాడుతున్నాయి.

లోపల చల్లగా ఉంది. మైకెలాంజెలో పియెటాకి నమూనా ఒకటుంది ఇక్కడ: చచ్చిన కొడుకుని ఒళ్లో పెట్టుకున్న తల్లి. ఏ మతం తెలియకపోయినా ఆ ఒడి తెలుస్తుంది. వెనక బల్ల మీద ఒక పెద్దావిడ చెప్పులు విడిచి, కొంగు తలమీదికి లాక్కుని, తెలుగులోనే ఏదో గొణుక్కుంటోంది. దేవుడితో కాస్త గట్టిగానే తగువాడుతున్నట్టుంది.

నేను సంచీ చప్పుడు కాకుండా కింద పెట్టి కూర్చున్నాను.