చీకట్లో 20 నిమిషాలు

"అమ్మా, నీకు కళ్ళు బాగానే ఉన్నాయన్నారుగా, మరి మెట్టు ఎలా తప్పావు?"

రెండేళ్ళ క్రితం మన దీపావళి వేడుకల్లో, హాల్లో లైట్లు తగ్గించగానే నేను పడబోయాను. అప్పుడు మా అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. నా దగ్గర జవాబు లేదు. వారం ముందే డాక్టరుగారి దగ్గర చార్టు 20/20 వరుస దాకా చదివాను మరి!

నాకు యువైటిస్ ఉంది. అంటే కంటి లోపలి పొరల్లో వచ్చే వాపు. స్టెరాయిడ్ మాత్రలతో ముఖం ఉబ్బిపోయి, ఫోటోలో మా అక్కే నన్ను గుర్తుపట్టలేదు. "చూపు బాగుందిగా, ఇక మాత్రలు మానేద్దాం" అని లోలోపల అనేసుకున్నాను.

మెట్టు సంగతి వినగానే డాక్టరుగారు ఇ.ఆర్.జి. పరీక్ష రాశారు. గుండెకు ఇ.సి.జి. లాగే రెటినాకు ఇది. చార్టు చదవడానికి రెటినా నడిమధ్య కొద్ది చోటు బాగుంటే చాలు. మొత్తం రెటినా ఎలా పనిచేస్తోందో ఈ పరీక్ష చెబుతుంది.

కంట్లో చుక్కలు వేసి 20 నిమిషాలు చిమ్మచీకట్లో కూర్చోబెట్టారు. చిన్నప్పుడు కరెంటు పోయిన రాత్రులు డాబా మీద పడుకుంటే, కాసేపటికి ఒక్కొక్క చుక్కా కనిపించేది. అదే గుర్తొచ్చింది. చీకటికి అలవాటు పడటానికి కంటికి అంత సమయం కావాలట. తర్వాత కింది రెప్ప దగ్గర సన్నని దారం లాంటి ఎలక్ట్రోడు పెట్టారు. నొప్పి లేదు. మొదట మసక మెరుపులు, తర్వాత పెద్ద మెరుపులు. ఆ పైన 10 నిమిషాలు వెలుతురులో ఉంచి, సెకనుకు 30 సార్లు మిణుకుమనే కాంతి చూపించారు.

ఆ మిణుకులకు నా రెటినా జవాబు కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తోంది. వాపు ఇంకా లోపల పనిచేస్తూనే ఉందన్నమాట! మాత్రలు మానకపోగా మరో మందు కలిపారు. స్టెరాయిడ్ మెల్లగా తగ్గించారు. 8 నెలల తర్వాత మళ్ళీ చేస్తే ఆ ఆలస్యం తగ్గింది. హమ్మయ్య అనుకున్నాను.

చార్టు చదివేశాం కదా అని ఊరుకోకండి. మసక వెలుతురులో తడబడినా, రంగులు వెలిసినట్టు కనిపించినా డాక్టరుకి చెప్పండి. సొంతంగా మందులు మానకండి.

మా అమ్మాయి మాత్రం ఇప్పటికీ లైట్లు తగ్గగానే నా చెయ్యి పట్టుకుంటుంది. అవసరం లేదని నేనూ చెప్పలేదు!