పాస్‌వర్డూ, మా దోమలగూడ సందూ

సర్వర్ మేనేజ్‌మెంట్ గురించి మాట్లాడమంటే మన ఐటీ జనాలు ఏ ఎన్‌క్రిప్షన్ వాడాలి, ఎన్ని బిట్ల కీ పెట్టాలి అన్న దగ్గర మొదలెడతారు. నేను మాత్రం దోమలగూడలో మా సందులోంచి మొదలెడతాను. ఇక్కడ గదుల్లో సగం మంది గ్రూప్స్‌కి చదివేవాళ్ళే. పొద్దున అశోక్‌నగర్ కోచింగు, తర్వాత చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ, రాత్రికి మెస్సు.

2022 అక్టోబరు 16న గ్రూప్-1 ప్రిలిమ్స్ జరిగింది. 503 పోస్టులు. మెయిన్స్‌కి ఎంపికైన 25,050 మందిలో మా రూమ్మేటు ఒకడు. 2023 మార్చి 17న టీఎస్‌పీఎస్సీ ఆ పరీక్షే రద్దు చేసింది, పేపర్ లీకైందని. కాన్ఫిడెన్షియల్ సెక్షన్ కంప్యూటర్ యూజర్ ఐడీ, పాస్‌వర్డూ లోపలివాళ్ళకే చిక్కాయనీ, ఫైళ్ళు పెన్‌డ్రైవులోకి ఎక్కాయనీ అప్పట్లో పోలీసులు చెప్పారు. నిందితుల్లో నెట్‌వర్కు చూసే ఉద్యోగి కూడా ఉన్నాడు.

"మీ సాఫ్ట్‌వేరోళ్ళకి ఒక్క పాస్‌వర్డు దాచుడు రాదా తమ్మీ?" అనడిగాడు మావాడు.

వాడి ప్రశ్న సబబే. డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ చేశామనుకోండి, డిస్కు ఊడబెరుక్కుపోయిన దొంగకి అది అడ్డం. ఎస్‌ఎస్‌హెచ్ వాడితే దారిలో తీగకి చెవి పెట్టినవాడికి అడ్డం. సరైన పాస్‌వర్డు కొట్టి దర్జాగా లోపలికొచ్చినవాడికి ఈ రెండూ తలుపు తీసి పెడతాయి. పోనీ సర్వర్లని నడిపే సరుకు గట్టిదా అంటే, అదీ అంతంతే. సర్వర్‌ని దూరం నుంచి ఆన్, ఆఫ్ చేసుకునే ఐపీఎంఐ 2.0 అని ఒకటుంది, 2004లో వచ్చింది. అవతలివాడెవడో తేలకముందే వాడి చేతిలో పాస్‌వర్డుతో కట్టిన హ్యాష్ పెట్టేస్తుంది. వాడు తీరిగ్గా ఇంటికెళ్ళి విప్పుకోవచ్చు. డాన్ ఫార్మర్ 2013లో దీన్ని బయటపెట్టాడు. లోపం ప్రమాణంలోనే ఉంది కాబట్టి అతుకేసే వీలూ లేదు.

బ్యాంకు లాకరు చూడండి. మీ తాళంచెవి ఒక్కటే చాలదు, బ్యాంకువాళ్ళదీ కావాలి. ప్రశ్నపత్రానికీ అంతే చెయ్యొచ్చు. కీని ముక్కలు చేసి కొందరికి పంచి, వాళ్ళలో ఇంతమంది కలిస్తేగానీ తెరుచుకోకుండా చేసే లెక్క షమీర్ 1979లోనే రాసిపెట్టాడు. సర్వర్ నడిపే అడ్మిన్‌కి ఆ ముక్క ఒక్కటీ ఇవ్వకూడదు. ఎవరెప్పుడు తెరిచారన్న లాగు వాడి చెయ్యి అందని ఇంకో మెషీన్‌లో పడాలి. పెద్ద ఖర్చేం కాదు. "సార్, మీ ఒక్కరి పాస్‌వర్డుతో ఫైలు తెరుచుకోదు" అని పై అధికారి మొహం మీద చెప్పడమే కష్టం.

అన్నట్టు, 2023 జూన్ 11న మళ్ళీ పెట్టిన ప్రిలిమ్స్‌నీ సెప్టెంబరు 23న హైకోర్టు రద్దు చేసింది. ఈసారి అభ్యర్థుల బయోమెట్రిక్ తీసుకోలేదట! 2024 ఫిబ్రవరి 19న 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్. జూన్ 9న మావాడు ఆ పరీక్ష మూడోసారి రాసొచ్చాడు. పేపరెలా ఉందన్నా అంటే, "ఏలిముద్ర తీస్కున్నర్లే" అన్నాడు.