రెండు కొండల మధ్య సూర్యుడు

మా గుండుగొలనులో కొండలు లేవు. హైవే, వరిపొలాలు, ఇంకా కిందకి వెళ్తే చేపల చెరువులు, రొయ్యల చెరువులు, కొల్లేరు. కానీ చిన్నప్పుడు నేను వేసిన ప్రతి డ్రాయింగులో రెండు కొండలు, మధ్యలో సూర్యుడు ఉండాల్సిందే. స్కూల్లో బోర్డు మీద అదే వేసేవారు, మేం అదే దించేవాళ్లం. గీత దాటకుండా రంగేస్తే స్టార్.

ఇదంతా మొన్న సెలవుల్లో గుర్తొచ్చింది. మా పిన్ని అంగన్‌వాడీ టీచర్. వాళ్ల సెంటర్ గోడలకి బొమ్మలు వేయడానికి ఒక ఆర్టిస్టు వచ్చారు. ఫ్లెక్సీలు రాకముందు షాపులకి బోర్డులు రాసేవారట.

అంగన్‌వాడీలు మొదలైంది 1975లో. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి అక్కడ అన్నం, గుడ్డుతో పాటు ఆటపాటలు కూడా ఉంటాయి. గోడలు, మెట్లు కూడా పాఠం చెప్పాలనే ఆలోచనకి ‘బాలా’ అని పేరు. అందుకే గోడలనిండా అక్షరాలు, అంకెలు, జంతువులు.

ఆయన అవన్నీ పైన వేశారు. కింద, పిల్లల చెయ్యి అందేంత ఎత్తు వరకు నల్లరంగు పూసి వదిలేశారు.

“ఇక్కడేం వేస్తారండి?” అన్నాను.

“నేనేం వెయ్యనండి. అది ఆళ్లది.”

మర్నాడు రంగు ఆరాక పిల్లలకి సుద్దముక్కలిచ్చారు. నాలుగేళ్ల పాప ఒకతి పెద్ద డబ్బా గీసి, దాన్నిండా సున్నాలు చుట్టింది. నేను సాయం చేద్దామని కూర్చుని, “అలా కాదమ్మా, ఇలా చూడు” అంటూ నాకొచ్చిందే గీశాను. రెండు కొండలు, సూర్యుడు. పాప సుద్దముక్క కింద పెట్టేసింది.

ఆర్టిస్టు గారు నన్నేమీ అనలేదు. బ్రష్ కడుక్కుని వచ్చి ఆమె పక్కన నేలమీద కూర్చున్నారు. సున్నాలు చూపించి, “ఇయ్యేం చేత్తన్నాయమ్మా?” అని అడిగారు. అడిగి ఊరుకున్నారు. చాలాసేపటికి పాప, “తిరుగుతున్నాయి” అంది.

“ఎందుకూ?”

“రొయ్యలకి గాలి.”

అది చెరువు. సున్నాలు ఏరియేటర్లు. పాప మళ్లీ సుద్దముక్క తీసుకుని గట్టు మీద చిన్న మనిషిని గీసి, “నాన్న” అంది. వాళ్ల నాన్న రాత్రిళ్లు చెరువుకి కాపలా ఉంటాడని పిన్ని తర్వాత చెప్పింది.

నాకు సిగ్గేసింది. కోడ్ డిబగ్ చేసేటప్పుడు కూడా ముందు ప్రోగ్రామ్ ఏం చేస్తోందో చూస్తాం కదా. నేను పాప బొమ్మ చూడకుండానే ఎర్రర్ అనేశాను.

ఆ రాత్రి ఫోన్‌లో వెతికితే ఇటలీలోని రెజ్జో ఎమీలియా అనే ఊరి గురించి దొరికింది. 1963లో అక్కడి మునిసిపాలిటీ చిన్నపిల్లల బడులు మొదలుపెట్టింది. ఆ బడుల్లో టీచర్లతో పాటు ఒక ఆర్టిస్టు కూడా ఉంటారు. పిల్లలకి బొమ్మలు వేసిపెట్టడానికి కాదు, వాళ్లు వేసేది చూడటానికి, వినడానికి, దానికి కావాల్సిన రంగులూ మట్టీ అందించడానికి. మా ఊళ్లో బోర్డులు రాసే ఆయన ఎవరూ చెప్పకుండానే చేసింది అదే.

మర్నాడు వెళ్లి నా కొండలు తుడిచేశాను. ఆ జాగాలో మా ఊరి చెరువు వేద్దామనుకున్నాను. పంతొమ్మిదేళ్లుగా దాని పక్క నుంచే వెళ్తున్నా, ఏరియేటర్‌కి రెక్కలెన్నో నాకు తెలీదు. సైకిలేసుకుని చూడటానికి వెళ్లాను.