నివురు గప్పిన నిప్పు

మాలో చాలామందిమి కట్టెల పొయ్యి ఎరిగిన ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళమే. అందుచేత గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ పార్కులోని ఎల్క్‌మాంట్‌లో నాలుగు కుటుంబాలవాళ్ళం గుడారాలు వేసినప్పుడు, నిప్పు సంగతి మనకొకరు చెప్పాలా అన్న ధీమాతో ఉన్నాం.

మొదటి చిక్కు కట్టెల దగ్గరే వచ్చింది. పెరట్లో కొట్టిన కట్టెలు కారులో వేసుకుందామనుకుంటే వీల్లేదన్నారు. 2015 నుంచి ఆ పార్కులోకి బయటి కట్టెలు తేవాలంటే, వేడిచేసి పురుగు చంపినట్టు ముద్ర ఉండాలి. 2002లో మిషిగన్‌లో బయటపడ్డ ఒక పచ్చని పెంకుపురుగు ఇలాగే కట్టెల వెంట రాష్ట్రాలు దాటి కోట్లాది యాష్ చెట్లను చంపింది మరి.

వంట మాత్రం భేషుగ్గా సాగింది. ఇనుప చట్రం చుట్టూ గీత గీసి పిల్లల్ని ఆవల కూర్చోబెట్టాం. మంట తగ్గి నిప్పులు కణకణలాడాక ఉప్మా చేశాం, వంకాయలు కాల్చి పచ్చడి చేశాం. తిన్నాక మిగిలిన పదార్థాలు, కడిగిన గిన్నెలు కూడా కారులో పెట్టి తాళం వేశాం. మన ఇంగువ వాసన మనకే కాదు, ఎలుగుబంటికీ అందుతుంది.

రాత్రి చలికి ఒకాయనకు కుంపటి గుర్తొచ్చి, నాలుగు బొగ్గులు గుడారంలో పెట్టుకుందామన్నారు. మాలో ఉన్న డాక్టరమ్మ గట్టిగా కాదన్నారు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు; నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మన పెంకుటిళ్ళలో సందుల్లోంచి గాలి ఆడేది, మూసిన గుడారంలో ఆడదు. దుప్పట్లు ఇంకో రెండు కప్పుకుని పడుకున్నాం.

తెల్లవారి కాఫీలయ్యాక పొయ్యి మీద బూడిదా మట్టీ కప్పి కార్లెక్కబోయాం. అప్పుడు తెనాలి నుంచి వచ్చి ఉన్న మా అత్తగారు ఆగమన్నారు.

"మా అమ్మ రాత్రి నిప్పుమీద నివురు కప్పేది. తెల్లారి అదే నిప్పుతో పొయ్యి రాజేసేది. మీరు చేసిందీ అదేగా నాయనా! ఆర్పారా, దాచారా?"

పుల్లతో కదిపితే లోపల ఎర్రగా ఉంది. ఎవరికీ నోట మాట రాలేదు. పక్కనే ఎండుటాకులు!

2016 నవంబరులో ఇదే పార్కులో, చిమ్నీ టాప్స్ దగ్గర రేగిన మంట అయిదు రోజుల తర్వాత పెనుగాలి అందుకుని గాట్లిన్‌బర్గ్ ఊరిమీద పడింది. 14 మంది పోయారు. దాని పుట్టుక ఏదైనా, నిప్పుకు గాలి తోడైతే ఏమవుతుందో ఆ కొండలకు తెలుసు.

బక్కెట్టుతో నీళ్ళు పోశాం, పుల్లతో కలియబెట్టాం, మళ్ళీ పోశాం. బుసబుసమన్న చప్పుడు ఆగాక, బూడిద దగ్గరగా మునివేళ్ళు పెట్టి చూశాం. చల్లగా తగిలాకే కదిలాం.

నిప్పు రాజెయ్యడం మనకు వచ్చు, దాచడమూ వచ్చు. ఆర్పడం మాత్రం ఇక్కడ నేర్చుకున్నాం. ఈసారి వనభోజనాల సామాన్ల జాబితాలో ఉప్పూ చింతపండుకన్నా ముందు బక్కెట్టు రాసుకోండి.